నక్షత్రం స్విచ్ ఎవరు వెయ్యాలి

నిన్న సాయంత్రం ఎదురు బాల్కనీలో ఎర్ర కాగితం నక్షత్రం వేలాడదీశారు. చూడలేక లోపలికొచ్చేశాను.

తొంభైల్లో ఉత్తరాదిన మయూర్ విహార్‌లో పెరిగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. డిసెంబర్ వస్తే మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళని ఆ నక్షత్రాలే పట్టిచ్చేవి. ఇల్లంతా గులాబీ పువ్వుల పిండివంట వేయించిన నూనె వాసన. మా ఇంట్లో నక్షత్రం స్విచ్ వెయ్యాలంటే ముందు నాన్న ప్రశ్నకి జవాబు చెప్పాలి. టీ తాగుతూ "ఈరోజు ఏం రోజు?" అనేవారు. ఒకరోజు యుద్ధం గెలిచిన రోజు, ఒకరోజు ఎవరో గాయకుడి పుట్టినరోజు, ఇంకోరోజు మనవాళ్ళు క్రికెట్లో గెలిచిన రోజు. ఎప్పుడూ నేనే చెప్పేదాన్ని. చెల్లి మరీ చిన్నది, దానికి ఒక్కటీ తెలిసేది కాదు. నా వంతు ఎప్పుడొస్తుందని హిందీలో ఏడ్చేది.

"నీకు తెలిసిన రోజూ వస్తుందిలేమ్మా" అనేవారు నాన్న.

ఒక డిసెంబర్లో నాన్న గుండెపోటుతో పోయారు. ఏడాది తిరిగి అదే తేదీ వచ్చింది. అమ్మ ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి, నర్సు యూనిఫాం కూడా మార్చుకోకుండా టీ పెట్టుకుని, నాన్న కుర్చీలో కూర్చుంది.

"ఈరోజు ఏం రోజు?" అంది.

నేను ఆరిపోయి ఉన్న నక్షత్రం వైపు చూశాను.

"పాపా కా దిన్" అంది చెల్లి, నాన్న రోజు అని.

అమ్మ తలూపింది. "వెళ్ళమ్మా, స్విచ్ వెయ్యి."

చెల్లి గోడ దాకా వెళ్ళింది. స్విచ్ మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగింది.

"దీదీ, నువ్వే వెయ్యవా?"