సగం తిప్పిన వాల్వ్

వారం నుంచి మా లక్సెట్టిపేట హాస్టల్ మెస్‌లో ప్లేట్లు సబ్బు వాసన కొడుతున్నాయి. నిన్న ముగ్గురికి కడుపునొప్పి కూడా వచ్చింది. అందుకే ఈ రోజు మంచిర్యాల నుంచి మెకానిక్‌ను పిలిపించారు. ఏదో నేర్చుకుందామని నేనూ పక్కనే నిలబడ్డాను.

ప్లేట్లు కడిగే మెషీన్‌లో రెండు రకాల నీళ్లుంటాయట. కింది ట్యాంకులోని సబ్బునీళ్లే మళ్లీ మళ్లీ ప్లేట్ల మీద చిమ్ముతాయి. చివర్లో కొత్త వేడినీళ్లు జోరుగా వచ్చి ఆ సబ్బును కడిగేస్తాయి. ఆయన హీటర్ చూశాడు, నీళ్లు చిమ్మే రంధ్రాలు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి గోడ దగ్గర వంగి, "నీళ్లొచ్చే వాల్వే సగం బందున్నది. ఎవలు తిప్పిండ్రు?" అన్నాడు.

మెషీన్ దగ్గర పనిచేసే రాజవ్వ దాచలేదు.

"నేనే తిప్పిన సారూ. గన్ని మంచినీళ్లు మోరీల పోతుంటే పానం ఒప్పలే. మా వాడకట్టుల ట్యాంకరొస్తెనే నీళ్లు."

"నీళ్ల మీదున్న పానం పిల్లల మీద లేదా? రేపటి సంది రాకు," అన్నాడు వార్డెన్.

ఆయన మాటలోనూ నిజముంది. 'పానం ఒప్పలే', ప్రాణం ఒప్పుకోలేదన్న ఆ మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

రాజవ్వ వెళ్తూ వెళ్తూ, చేతులు కడిగే చోట కారుతున్న నల్లాను గట్టిగా కట్టేసింది. దాన్ని అలా వదిలేసింది మాలో ఎవరో. మమ్మల్ని మాత్రం రేపటి నుంచి రావద్దని ఎవరూ అనలేదు.

మీరుంటే వార్డెన్‌తో ఏమనేవారు?