అట్ట కింద నలభై తప్పులు

నా చిన్నప్పుడు నాకు కంప్యూటర్ దగ్గర బుద్ధి చెప్పింది పక్కింటి అక్క. ముందే ఒప్పుకుంటున్నాను, ఏ సంగతినైనా మూడింతలు చేసి చెప్పడం నాకలవాటు. నమ్మగలిగినంత నమ్మండి.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా బడిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో బేసిక్ భాషలో ప్రోగ్రాం రాశాను. ఓడ ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో చెబితే, రేవు చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో అది చెప్పేస్తుంది. దువ్వాడలోని ఒక కాలేజీలో ప్రదర్శనకు పెడతామన్నారు. మా అమ్మ ఆ కబురు ఎంత చాటిందంటే, సముద్రంలో చేపలక్కూడా తెలిసిపోయింది.

తీరా వెళితే అక్కడి కంప్యూటర్లలో బేసిక్ లేదు, సీ భాషే ఉంది. ప్రదర్శన సాయంత్రం నాలుగింటికి. కూర్చుని, అక్కడున్న సీ పుస్తకం చూస్తూ ఒక్కో పంక్తినీ సీలోకి మార్చి మీట నొక్కాను. తెర నిండా తప్పులు! ఆ జాబితా పరిస్తే ఎక్కడో ఉన్న ఆనందపురం దాకా వచ్చేది. అప్పటికే మూడున్నర.

ఆ కాలేజీలోనే చదివే పక్కింటి అక్క నన్ను చూసి ఆగింది.

“ఏట్రా ఆ మొకం?”

“నలభై తప్పులక్కా! ఈ మిషనుకి నానంటే పగ. ఇంటికెల్లిపోతాను.”

“ఎల్లు. మీ అమ్మకి నువ్వే సెప్పుకో.”

కదల్లేకపోయాను. అక్క తన పరీక్ష అట్టను తెరకు అడ్డం పెట్టింది, పై పంక్తి మాత్రమే కనిపించేలా.

“ఇప్పుడెన్ని?”

“ఒకటే.”

“సదువు మరి.”

‘దూరం’ ఎవరో నాకు తెలియదంటోంది కంప్యూటర్. బేసిక్‌లో ఏ పేరైనా నేరుగా వాడేసుకునేవాణ్ణి.

“ఇక్కడలా కుదర్దురా. ఆ పేరేటి, అందులో ఏటి పెడతావ్, ముందు సెప్పాలి,” అంది అక్క.

దూరమంటే దశాంశాలు పట్టే సంఖ్య అని మొదట్లో ఒక పంక్తి చేర్చి నొక్కాను. అట్ట తీస్తే సగం తప్పులు మాయం! ఆ పేరు వాడిన చోటల్లా గోల పెట్టిందన్నమాట. మళ్లీ అట్ట. ఈసారి ‘వేగం’, ఆ తర్వాత ‘సమయం’. చివరికి ఒక్కటి మిగిలింది. వేగం పేరును ఒకచోట మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టాను. బేసిక్ అది పట్టించుకునేది కాదు, సీ ఊరుకోలేదు.

నాలుగింటికి మా ఓడ రేవు చేరింది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

ఇప్పుడు రుషికొండలోని సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నా దగ్గర పనిచేసే పిల్లలు కోడ్‌ను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చి, తెరంతా తప్పులతో ఎర్రబడిందని పరుగెత్తుకొస్తుంటారు. నేను అరచేత్తో కిందిదంతా మూసేస్తాను. ఇంట్లో చిక్కులొచ్చినా అంతే, పైదొక్కటే చూస్తాను.

ఇంతకీ తప్పులు నిజంగా నలభయ్యే. నేను పెంచి చెప్పింది ఆ చప్పట్లనే. మా ఓడ రేవు చేరేసరికి హాల్లో అందరూ టీకి వెళ్లిపోయారు. చప్పట్లు కొట్టింది అక్క ఒక్కతే.