ఆగిపోవడం వేరు, దాటిపోవడం వేరు

మీరు రాసుకున్న ఫిర్యాదును చివరి మాట దాకా చదివిన మనిషి ఎప్పుడైనా మీకు ఎదురుపడ్డారా? ఆలోచించి చెప్పండి. నాకు ఒక్కరే తెలుసు. కర్నూలులో మా పక్కింటి మేడం. పోయిన మంగళవారం పొద్దున ఆమె కన్నుమూశారు. తుంగభద్ర ఒడ్డున దహనం చేశారు. ఆమెది నా విశ్వాసం కాదు, నన్ను ప్రార్థన చేయమని ఎవరూ అడగలేదు. వెనక నిలబడి, బైబిలు చంకలో పెట్టుకుని, తిరిగి వచ్చాను.

ఆమె కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తర్వాత జీతం లేని పని ఒకటి నెత్తిన పెట్టుకున్నారు. అచ్చులో ఉన్న తెలుగును ఫోను కెమెరాతో చూసి పైకి చదివే యాప్ ఒకటి ఉంది. చూపు లేనివాళ్ళూ చదువు రానివాళ్ళూ వాడతారు. అది ఓపెన్ సోర్స్. అంటే లోపల ఎట్లా రాశారో ఎవరైనా చూడొచ్చు, చేతనైతే బాగు చేయొచ్చు. చెడిపోతే అందరికీ కనిపించే ఒక పేజీలో ఫిర్యాదు రాయొచ్చు. చిక్కంతా అక్కడే. ఒకే తప్పును వందమంది వంద ఫిర్యాదులుగా రాస్తారు. బాగు చేసేవాళ్ళు ఆ కుప్పలో కూరుకుపోతారు. కుప్పంతా చదివి, ఒకే తప్పు మీద వచ్చినవాటిని ఒకచోట చేర్చడం మేడం పని.

ఒకసారి కొత్త మార్పు వచ్చాక యాప్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మా చర్చి సంఘంలో దాన్ని వాడేవాళ్ళమంతా రాశాం. మర్నాడు గోడ మీంచి కేక.

"ఏమప్పా పాస్టరూ, మీ మందంతా నా మీదనే పడినాదే! ఆగిపోతాండాది, ఆగిపోతాండాది. ఇంకో మాట లేదా మీకు?"

"విసుగు లేకుండా అడగమని వాక్యం, మేడం."

"దేవుడు చదివి అలసిపోడప్పా. ఈడ చదివేది మనుషులు. ఆఫీసులో పని చేసుకోనొచ్చి కూచుంటారు." మళ్ళీ ఆమే అడిగారు, "మీ కూటంలో ఒకరు ప్రార్థన చేస్తే తక్కినోళ్ళు మళ్ళీ అదే ప్రార్థన చేస్తారా?"

"లేదు. ఆమేన్ అంటాం."

"నేనూ అదే చేయమంటాండా. ముందు వెతుకు. ఎవరో ఒకరు అడిగేసింటారు. దాని కింద నీ ఆమేన్ పెట్టు, నీ ఫోను ఏదో రాయి. చాలు."

నాకు కోపం వచ్చింది. అయినా ఆ ఆదివారం దాన్నే ప్రసంగంగా చెప్పాను. తొందరగా అయిపోయిందని అందరూ మెచ్చుకున్నారు.

ఫిర్యాదును ఇంకోదానితో కలిపేటప్పుడు ఆమె రాసినవాళ్ళకు రెండు ముక్కలు తప్పకుండా రాసేవారు. మీరు చెప్పింది నిజమే, ఇంకొకరూ ఇదే చెప్పారు, ఇద్దరి మాటా ఫలానా చోట ఉంది అని. పారేశారని ఎవరూ అనుకోకూడదట. కలిపేముందు పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివేవారు. పక్కన టీ చల్లారిపోయేది.

ఆ చదవడం ఎందుకో నాకు పత్తికొండ పెద్దాయన వల్ల తెలిసింది. అక్కడి మా ప్రార్థన కూటానికి పెద్ద. కళ్ళు లేవు, వాక్యం సగం నోటికొచ్చు. ఒకరోజు నేను అక్కడికి పోయినప్పుడు కోడలు బైబిలు మీద ఫోను పట్టుకుంటే వింటున్నాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"ఆపమ్మా. ఒక వచనం మింగేసినాది."

నేను పుస్తకం తీసి చూశాను. నిజమే. ఒక వరుస వదిలేసి, ఆ గొంతు ఏమీ జరగనట్టు కింది వరుసలోకి పోయింది. దేవుని మాటను మింగుతుందా! అక్కడే కూర్చుని ఫిర్యాదు రాశాను. బస్సు కర్నూలు చేరేలోపు మేడంలా కుప్ప చదివే ఇంకెవరో దాన్ని పాతదే అని చెప్పి, ఆగిపోతోందన్న కుప్పలో కలిపేశారు.

మండిపోతూ మేడం ఇంటికి పోయాను. ఆమె అంతా చదివారు.

"ఇంత శపించినావు, ఏ ఫోనో రాయలేదే!" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. "ఆగిపోవడం వేరు, దాటిపోవడం వేరప్పా. ఆగితే వినేటోళ్ళకు తెలుస్తాది. దాటేస్తే తెలీదు. నీ వచనం పెద్దాయనకు నోటికొచ్చు కాబట్టి దొరికిపోయినాది. టమేటాకు కొట్టే పురుగుమందు కాగితం ఎవరికి నోటికొస్తాది?"

నేను వాక్యం గురించి మండుతున్నాను. ఆమె పొలంలో మందు కలిపే మనిషి గురించి ఆలోచిస్తున్నారు.

ఆ ఫిర్యాదును కుప్పలోంచి బయటికి తీసి విడిగా నిలబెట్టారు. కలిపినవాళ్ళతో మర్యాదగా వాదించి గెలిచారు. కానీ బాగు చేసేవాళ్ళ ఫోన్లలో ఆ తప్పు కనిపించలేదు. ఇంకొందరు చూపిస్తే తప్ప పట్టుకోలేమన్నారు.

ఆమె పోయాక ఆ పేజీ తెరిచాను. కుప్ప మళ్ళీ పెరుగుతోంది. ఆగిపోతోంది, ఆగిపోతోంది. విడిగా నిలబెట్టిన ఫిర్యాదు కింద ఆమె ప్రశ్న అట్లాగే ఉంది: "ఏ కాగితం? ఏ వరుస దాటింది? ఏ ఫోను?" దాని కింద ఒక హెచ్చరిక. ఇంకెవరూ పలకకపోతే ఈ నెలాఖరుకు దీన్ని మూసేస్తారట. పెద్దాయన తరఫున నేను జవాబు రాశాను. ఒక్క సాక్షి చాలడని వాక్యంలోనే ఉంది.

కాబట్టి ఆమె కోసం పూలదండ తేవద్దు. మీకు నోటికొచ్చినది ఏదైనా అచ్చులో ఉంటే తీయండి. పాట కానీ, పద్యం కానీ, ఏ దేవుడి ప్రార్థన అయినా కానీ. యాప్‌తో చదివించి చివరిదాకా వినండి. ఒక్క వరుస దాటినా కొత్త ఫిర్యాదు రాయకండి. ఆమె ప్రశ్న కిందనే జవాబు రాయండి. రేపు అనకండి, ఈ రోజే రాయండి. పత్తికొండ చేలల్లో ఎవరో ఒక చేత్తో మందు డబ్బా, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, ఆ గొంతు చెప్పేదంతా నమ్మి వింటున్నారు.