దగ్గు లేని ఊళ్లో దగ్గు మందు

కామారెడ్డి జిల్లా ఏర్పడిన రెండో ఏడాది నన్ను అక్కడ డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఎల్లారెడ్డి కూడా నా పరిధిలోనే ఉండేది. హోదా పేరు వినగానే నేను గంజాయి ముఠాలను తరుముతానని జనం అనుకునేవారు. ఇల్లు అద్దెకిచ్చినాయన మొదటి రోజే తుపాకీ ఎక్కడ పెడతారని అడిగాడు. నిజానికి మా పని మందుల దుకాణాల తనిఖీ. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పక్కన పెరుగు గిన్నె ఉందా, గడువు తీరిన మాత్రలు అమ్ముతున్నారా, గోడకు వేలాడుతున్న సర్టిఫికెట్ తాలూకు ఫార్మసిస్టు దుకాణంలో ఉన్నాడా లేక హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చేసుకుంటున్నాడా అని చూడడం. గంజాయి మొక్కను నేను ఫొటోలో తప్ప చూడలేదు.

అయినా హోదాలో ‘డ్రగ్స్’ అన్న మాట ఉన్నందుకు మత్తు నివారణ సభ ఎక్కడ జరిగినా నన్నే పిలిచేవారు. ఆ వర్షాకాలం ఎల్లారెడ్డి వైపు ఒక ఉన్నత పాఠశాల నుంచి హెడ్మాస్టరు భూమయ్య సార్ పిలిచారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి. సభలో ఊరి పెద్ద ఒకాయన బుగ్గన గుట్కాతోనే మత్తు పదార్థాలకు వ్యతిరేకంగా అరగంట మాట్లాడారు. మధ్యలో ఉమ్మడానికి పక్కకు వెళ్లినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫ్లెక్సీ ఖర్చు పెట్టుకున్నదీ, నాకు శాలువా కప్పిందీ బడి ఎదురుగా మెడికల్ షాపు నడిపే రాజేశం. ఫ్లెక్సీ మీద నా ఫొటో కన్నా ఆయన ఫొటోనే పెద్దది.

నేను గంజాయి గురించి రాసుకొచ్చింది చదివాను. పిల్లలు ఆవలించారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని మాటవరసకు అడిగితే పదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది.

“మేడం, దగ్గు లేకుంట దగ్గు మందు తాగితే ఏమైతది?”

వెనక వరసల్లో మగపిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్లు చూసింది ఆ అమ్మాయి వైపు కాదు, వేదిక మీదున్న రాజేశం వైపు. కొన్ని దగ్గు మందుల్లో కొడీన్ అనే నల్లమందు జాతి పదార్థం ఉంటుందనీ, అలవాటైతే మానడం కష్టమనీ, అందుకే డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదనీ చెప్పబోయాను. మొదటి వాక్యం పూర్తవకముందే భూమయ్య సార్ మైకు అందుకుని వందన సమర్పణ మొదలుపెట్టారు.

జీపు దగ్గరికి వెళ్తుంటే ఆ అమ్మాయి వెంట వచ్చింది. పేరు లావణ్య. తండ్రి మస్కట్‌లో కూలి పని చేస్తాడు, తల్లి సుజాత ఇంట్లో బీడీలు చుడుతుంది. తమ్ముడు సాయి తొమ్మిదో తరగతి.

“పొద్దంత పండుకునే ఉంటడు మేడం. లేపితే కొట్టొస్తడు. గడ్డివాము కాడ సీసలు దొరికినయి. గీ షాపులనే కొంటున్నడు,” అంది.

“అమ్మకు చెప్పావా?”

“చెప్పిన. దగ్గు మందే గదా, కల్లయితే గాదు గదా అన్నది.”

ఫిర్యాదు విన్నంత మాత్రాన మేం దుకాణం మీద కేసు పెట్టలేం. చీటీ లేకుండా అమ్ముతుండగా సాక్షుల ఎదుట పట్టుకుంటే కేసు నిలుస్తుంది. నేనే కొందామంటే, శాలువా కప్పినాయన నాకు కూల్‌డ్రింకు తెప్పిస్తాడు గాని సిరప్ ఇవ్వడు. అందుకే కొనే మనిషిగా భూమయ్య సార్‌ను వెళ్లమన్నాను. ఆయన చేతులు జోడించారు. “నా తోని గాదు మేడం. బడిల ఫ్యానులు గూడ ఆయననే ఇప్పిచ్చిండు. పోయే ముంగట నాకెందుకీ లొల్లి?”

తర్వాతి వారం సాయి బడి మెట్ల మీద తూలి పడ్డాడు. నుదురు చిట్లింది. భూమయ్య సార్ వాణ్ణి ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. కుట్లు వేస్తున్నా పిల్లవాడు సగం నిద్రలోనే ఉన్నాడట. ఆసుపత్రి వరండా నుంచే నాకు ఫోన్ చేశారు. “ఎప్పుడొస్తున్నరు మేడం?” అన్నారు, అంతే.

మర్నాడు ఇద్దరు సాక్షులతో షాపు పక్క సందులో నిలబడ్డాను. భూమయ్య సార్ తన నటన మీద తనకే నమ్మకం లేక కాబోలు, దుకాణం మెట్టెక్కక ముందే భీకరంగా దగ్గడం మొదలుపెట్టారు. రాజేశం నవ్వాడు.

“ఎందుకు సార్ గంత తకలీఫ్? దగ్గకుంట అడిగినా ఇస్త గదా!”

సీసా చేతులు మారగానే మేం లోపలికి వెళ్లాం. చంటిపిల్లల డైపర్ల వెనక సిరప్ పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ఊరంతా క్షయతో మూలుగుతున్నా అన్ని సీసాలు అక్కర్లేదు.

“మొన్ననే శాలువా కప్పిన గద మేడం,” అన్నాడు రాజేశం. అది కూడా జప్తు చేయమంటారా అని అడిగాను.

స్టాకు సీలు వేసి మా అసిస్టెంట్ డైరెక్టరుకు రిపోర్టు పంపాను. లైసెన్సు ఇచ్చేదీ, ఆపేదీ ఆయనే. నోటీసు, సంజాయిషీ, ఆపైన సస్పెన్షన్. ఈలోగా గుట్కా పెద్దాయన ఫోన్ చేసి దగ్గు మందుకు ఇంత రాద్ధాంతమా అన్నారు. అవతల ఉమ్మిన చప్పుడు కూడా వినబడింది.

పట్టుకున్న రోజే, స్టాకు జీపెక్కిస్తుంటే లావణ్య వచ్చింది. సంతోషిస్తుందనుకున్నాను.

“ఈడ బందయింది మేడం. రేపు వాడు కామారెడ్డి బస్సెక్కుతడు. అప్పుడేం జేస్తరు?”

మా చట్టంలో దుకాణానికి సెక్షన్లున్నాయి, పిల్లవాడికి లేవు. ఆ సాయంత్రమే తెలిసిన మానసిక వైద్యుడికి ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున తల్లినీ పిల్లలిద్దరినీ కామారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లాను. “నేనేమన్న పిచ్చోణ్ణా?” అని సాయి దారి పొడుగునా అరిచాడు. డాక్టరు మొత్తం వివరించాక సుజాత, “కల్లు గాదని ఊకున్న సారూ,” అని కొడుకు మంచం పక్కన కూర్చుంది. ఒళ్లు నొప్పులు, వాంతులు, నిద్ర లేకపోవడం, తిట్లు, అన్నీ అయ్యాక వాడు ఇంటికి వెళ్లాడు. మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడు, మళ్లీ తీసుకొచ్చారు. పదో తరగతి రెండో ప్రయత్నంలో పాసై, ఇప్పుడు ఎల్లారెడ్డిలో ట్రాక్టర్ల రిపేరు చేస్తున్నాడు. సభలో నవ్విన పిల్లల ఇండ్లకు భూమయ్య సార్ స్వయంగా తిరిగారు. కొందరు తల్లిదండ్రులు ఆసుపత్రికి వచ్చారు, కొందరు ఆయన్నే తిట్టి పంపారు. సస్పెన్షన్ ముగిశాక షాపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి లోపల నిజంగానే ఒక ఫార్మసిస్టు కూర్చున్నాడు.

స్టాకు జప్తు చేస్తే అమ్మకం ఆగుతుంది, అలవాటు ఆగదు. అందుకని ఆ తర్వాత బడి దగ్గరి దుకాణం మీదికి ఎప్పుడు వెళ్లినా, సాక్షుల కన్నా ముందు డాక్టరును సిద్ధం చేసుకునేదాన్ని. మా మాన్యువల్‌లో ఆ నిబంధన లేదు. ఉండాలి.