తువ్వాలు కింద ఇచ్చిన మాట

నా చిన్నప్పుడు నాకు జరిగిన ఒక అన్యాయం గురించి మా చుట్టాల్లో నేను అడగని మనిషి లేడు. నేను ఆ సంగతి ఎత్తగానే ఒకరు చాయ్ తెమ్మంటారు, ఇంకొకరు వానల సంగతి తీస్తారు. ఇన్నేళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

మాది తాండూరు. మా నాయన కందుల వ్యాపారి. మా చిన్నమామ, అంటే మా అమ్మ తమ్ముడు, వికారాబాద్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. ఆయన ఇంట్లో ఉండి అక్కడి ఇంగ్లీషు బడిలో చదవాలని నాకు మహా ఆశ. ఆ ఎండాకాలం ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు, ఆయన తెచ్చిన పాత కథల పుస్తకంలో 'ట్రోత్' అనే మాట కనబడి అర్థం అడిగాను.

మామ ఓపికగా చెప్పాడు. అది ఇప్పుడు ఎవరూ వాడని మాట అట. నమ్మకం, నిజాయితీ, కట్టుబడి ఇచ్చిన మాట, ఇవన్నీ అందులో ఉన్నాయట. వెనకట ఇంగ్లీషు దొరలు పెళ్లిలో ఒకరికొకరు 'ట్రోత్' ఇచ్చుకునేవారట, ఒట్టు పెట్టేటప్పుడూ ఆ మాటే అనేవారట. నాకు ఎక్కలేదు. అప్పుడాయన మా నాయన భుజం మీది తువ్వాలు తీసుకున్నాడు.

మా గంజిలో, అంటే ధాన్యం అమ్మే బజారులో, కందుల ధర నోటితో చెప్పుకునేవారు కాదు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని తెలుపుకునేవారు. కుదిరితే చెయ్యి గట్టిగా నొక్కేవారు. ఆ తరువాత ధర ఎటు పోయినా వెనక్కి తగ్గినవాణ్ణి ఎవరూ గడప ఎక్కనిచ్చేవారు కాదు. మామ నా చేతి మీద తువ్వాలు కప్పాడు.

"బడి తెరవంగనే నిన్ను వికారాబాద్ తోలుకపోత అల్లుడా. నా ఇంట్ల ఉండి చదువుకుందువు" అని నా వేళ్లు నొక్కాడు. "సమజైందా? గిదే ట్రోత్."

నాకు బాగా సమజైంది. ఆ మర్నాటి నుంచి వాడకట్టు అంతా చెప్పుకున్నాను. తాండూరు బడి పుస్తకాలు నాకెందుకని తోటివాడికి ఇచ్చేశాను. బట్టలు సంచిలో సర్దుకున్నాను. బడులు తెరిచే ముందు మామ ఏదో పని మీద వచ్చి, అన్నం తిని, చెప్పులేసుకున్నాడు. నేను సంచి పట్టుకుని వెనకాలే నిలబడ్డాను. ఎటు బయల్దేరావని ఆయనే నన్ను అడిగాడు.

చెప్పాను. నవ్వాడు. మాట అర్థం కావాలని అట్లా చూపించానని, అది పాఠమని అన్నాడు. అమ్మ కూడా నవ్వి, మామ మజాక్ చేసిండని, లోపలికి పొమ్మంది.

నేను నాయన వైపు తిరిగాను. నా నమ్మకమంతా ఆయన మీదే. ఇచ్చిన మాట కోసం నష్టానికి సరుకు తూచిన మనిషి.

"నాయినా, గంజిల ఎవడన్న గిట్ల తప్పుకుంటె నువ్వు ఊకుంటవా?"

ఆయన చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకున్నాడు. "గది కందుల బేరం కొడుకా. పోరగాండ్లతోని బేరం ఉంటదా?"

మామ మాట తప్పినందుకు కన్నా ఆ జవాబుకే నాకు ఎక్కువ ఏడుపు వచ్చింది. ఇద్దరూ కలిసి, పిల్లవాడికిచ్చిన మాటకు తూకం లేదని తేల్చేశారు. నేను తాండూరు బడికే పోయాను, ఇచ్చేసిన పుస్తకాలు అడుక్కుని మరీ.

తరువాత ఎన్ని నిఘంటువులు చూశానో. అన్నిట్లోనూ ఆ మాట పక్కన 'వాడుకలో లేదు' అనే ఉంటుంది. నాకు మాత్రం వాడుకలోనే ఉంది. మనవరాలు ఏదైనా అడిగితే ఊరికే ఊరించను. చేయగలిగితే సరేనంటాను, లేకుంటే అక్కడే కాదంటాను. అది ముఖం ముడుచుకుంటుంది, కానీ సంచి సర్దుకుని ఎవరి వెనకా నిలబడదు. కఠినుడినని ఇంట్లో అంటారు. అననీ.

నాయన పోయాడు, ఆయన్ని ఇక అడగలేను. మామ వికారాబాద్‌లోనే ఉన్నాడు. మొన్నొక పెళ్లిలో మళ్లీ అడిగితే చెవి చూపించి, వినబడదన్నట్టు చెయ్యి ఊపాడు. చెవులు బాగానే ఉన్నాయని అత్తమ్మ నాతో చెప్పింది. చూపూ బాగానే ఉందట, రోజూ పేపర్ చదువుతాడట. అందుకే ఇది రాశాను. మామా, ఆ రోజు నువ్వు నాకు మాట ఇచ్చినవా, ఇయ్యలేదా? ఒక్కసారి జవాబు చెప్పు.