షర్టు కంపెనీది, కాలు నగేశ్‌ది

మా పక్కింటి నగేశ్ నారాయణఖేడ్ నుంచి కంగ్టి వైపు ఊళ్లకు పార్సిళ్లు అందిస్తాడు. ఈ పొద్దున వానలో బండి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. నేను దవాఖానకు వెళ్లేసరికి కంపెనీ సూపర్‌వైజర్ అక్కడే ఉన్నాడు. పాపం, చూడటానికి వచ్చాడనుకున్నాను. మిగిలిన పార్సిళ్ల సంచి కోసం వచ్చాడట.

నగేశ్ తల్లి శాంతమ్మ అతన్ని ఆపింది. "మీ పని మీద పోయే కదా సారూ పడ్డడు? కాలికి ఇలాజ్ మీరు చేయించరా?"

"కానూన్ ప్రకారం ఆయన మా నౌకరు కాదమ్మా, పార్ట్‌నర్. ఆయనకు ఆయనే సేటు," అన్నాడు సూపర్‌వైజర్. ఆ నోటితోనే నగేశ్ వైపు తిరిగి, "చెప్పకుండ పని బంద్ పెట్టినవని నీ ఐడీ ఆపిండ్రు. ఎప్పుడొస్తవో చెప్పు, లేకుంటే వేరేటోన్ని పెట్టుకుంటం," అన్నాడు.

శాంతమ్మ అతన్నే చూస్తూ అంది. "మా మామ పటేల్ దగ్గర జీతం ఉండె, ఏడాదికింతని ఎవుసం పని చేసేటోడు. ఎద్దు పొడిస్తే పటేలే బండి కట్టించి దవాఖానకు తోలిండు. తిట్టుకుంటనే తోలిండు. గానీ మా మనిషి కాదని అనలే."

జీతగాళ్ల కాలమే నయమనే మాట విని తల ఊపే రోజు వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

సూపర్‌వైజర్ సంచి భుజానికి తగిలించుకుని, పోతూ పోతూ నగేశ్ ఒంటి మీది కంపెనీ షర్టు చూశాడు. "అది ఉతికి పంపియ్యమ్మా, కొత్తగ వచ్చేటోనికి కావాలె," అన్నాడు.

మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. తనకు తానే సేటైన మనిషి, కాలు విరిగితే సెలవు ఎవరిని అడగాలి?