పోయొస్త అన్న మాట

శాలిబండలో మా ఇంటి గడప దాటుతూ నేను "వెళ్తాను" అంటే నా భార్య ఊరుకునేది కాదు. "అట్లనకుండ్రి. పోయొస్త అనుండ్రి" అని వాకిట్లో అడ్డంగా నిలబడేది. బస్సు వేళ మించిపోతున్నా సరే, ఆ మాట నా నోట పలికించిన తరువాతనే దారి విడిచేది. కింద కళాయి దుకాణం ముసలాయన ఈ తగవు రోజూ వినేవాడు. నేను మెట్లు దిగుతుండగా "అన్నరా సాబ్, లేదా?" అని నవ్వేవాడు.

డెబ్బయ్యవ దశకం నడిమి సంవత్సరాలవి. సైన్యంలో న్యాయాధికారిగా దేశమంతా తిరిగిన నాకు, పుట్టిన ఊరి కంటోన్మెంటులోనే మూడేళ్ళు పనిచేసే భాగ్యం కలిగింది. పొద్దున మూసీ దాటి వెళ్ళడం, సాయంత్రం మూసీ దాటి ఇల్లు చేరడం. కోర్టు మార్షల్‌లో నేను ఏ పక్షమూ కాను. తీర్పు చెప్పేది సైనికాధికారులు. చట్టమేమంటుందో వారికి విన్నవించడం వరకే నా విధి. తక్కెడ పట్టుకున్న చెయ్యి ఏ తట్టకూ తగలరాదు.

ఆ రోజుల్లో ఛత్రినాకకు చెందిన ఒక డ్రైవరు జవాను విచారణకు వచ్చాడు. పసిబిడ్డకు జబ్బు చేసిందని ఉత్తరం అందింది, సెలవు దొరకలేదు, చెప్పకుండా వెళ్ళిపోయాడు. బిడ్డ కోలుకునేసరికి రోజులు గడిచాయి. తిరిగి రావడానికి భయం అడ్డువచ్చింది. నలభై రోజుల తరువాత బజారులో పట్టుబడ్డాడు. తిరిగి వచ్చే తలంపు లేకుండా పోయి ఉంటే అది పలాయనం: చెరసాల, ఉద్యోగనష్టం, ఊళ్ళో తలవంపు. వచ్చే తలంపుతోనే పోయి ఉంటే అనుమతి లేని గైర్‌హాజరు మాత్రమే. శిక్ష అనుభవించి మళ్ళీ యూనిఫారం వేసుకోవచ్చు. అతని బతుకంతా ఆ ఒక్క తలంపు మీద వేలాడుతోంది.

పోయేముందు అతణ్ణి చూసినవాడు ఒక్కడే, పాతబస్తీకే చెందిన తోటి డ్రైవరు, ముస్లిం యువకుడు. గేటు దగ్గర ముద్దాయి ఏమన్నాడని అడిగితే అతడు తెలుగులో చెప్పాడు. దుబాసీగా కూర్చున్న సుబేదారు పరరాష్ట్రీయుడు, కొలువులో తెలుగు నేర్చినవాడు. అతడు దాన్ని హిందీలోకి మార్చి, "నేను పోతున్నాను అన్నాడట" అని కోర్టుకు వినిపించాడు.

నా కలం ఆగిపోయింది. సాక్షి నోట వచ్చిన మాట 'పోయొస్త'. మా నాయనగారు నాకు బాల్యంలో వ్యాకరణం చెప్పారు. 'పోయి' అసమాపక క్రియ, 'వస్త' సమాపక క్రియ. వాక్యానికి ప్రాణం రావడంలో ఉంది. పోవడం దానికి ముందు మెట్టు మాత్రమే. దుబాసీ మెట్టును ఉంచి ఇంటిని తీసివేశాడు. కాని నేను అర్థం చెబితే సాక్షినవుతాను. అందువల్ల అధ్యక్షుడైన కర్నల్ అనుమతితో ఒక్క ప్రశ్న వేశాను.

"అతడన్న మాట అన్నట్టుగానే చెప్పు."

"పోయొస్త భాయ్ అన్నడు సాబ్."

"నువ్వేమన్నావు?"

"జాకే ఆ అన్న. ఇంకేమంట సాబ్? ఉత్తగ పో అంటే గల్ల పట్టడా?"

హిందీలోనూ అదే మాట, పోయి రా అని. కర్నల్‌కు దుబాసీ అవసరం లేకపోయింది. మీసం చాటున నవ్వాడు. అభియోగం నడిపే మేజర్ మాత్రం తేలికగా విడువలేదు.

"మీ ఊళ్ళో ఎవడైనా 'పోతున్నా' అంటాడా?"

"తోబ! ఎవ్వరనరు సాబ్. దుష్మన్ ఇంట్లకెళ్ళి లేచినా పోయొస్త అనే అంటరు."

"అయితే తిరిగి రానివాడూ అదే అంటాడు?"

సాక్షి స్నేహితుడి వైపు చూడకుండా, "అంటడు సాబ్" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కేసు ప్రసక్తి తేకుండా, పోయొస్తననే మాటకు అర్థమేమిటని నా భార్యను అడిగాను. ఆమె చేటలోని బియ్యంలో రాళ్ళేరుతూ తల ఎత్తకుండానే, "ఇన్ని పుస్తకాలు సదివిన్రు, గిదా అడిగేది? అది పోయేటోళ్ళ కోసం కాదు. ఉన్నోళ్ళ పాణానికి జెప్పేది" అంది.

మరునాడు కోర్టుకు రెండు సంగతులూ విన్నవించాను. ఆ మాట ఈ ఊరివారి ఆచారం, కనుక మాటగా దాని బరువు స్వల్పం. అయితే చెప్పకుండా జారుకునే వీలుండి కూడా, తనకోసం ఎదురుచూసే స్నేహితుడికి ముద్దాయి చెప్పి వెళ్ళాడు. అది పరిశీలించదగిన విషయం. నిర్ణయం వారిదే. పలాయనం రుజువు కాలేదని తేల్చారు. కొన్నాళ్ళ శిక్ష పూర్తిచేసి ఆ జవాను మళ్ళీ స్టీరింగు పట్టాడు.

కొన్నేళ్ళు గడిచాయి. ఎనభైల ఆరంభంలో నా భార్యకు ఆపరేషన్ అవసరమైంది. ఆసుపత్రిలో ఆమెను చక్రాల బండి మీద లోపలికి తీసుకుపోతుంటే, గుమస్తా నా చేతిలో అంగీకారపత్రం పెట్టాడు. చదవకుండా సంతకం చేసే అలవాటు నాకు లేదు. మూడో షరతు దగ్గర ఉండగా వినిపించింది:

"పోయొస్తనండీ."

ఒక్క వాక్యం ముగించి తలెత్తుదామనుకున్నాను. ఎత్తేసరికి తలుపులు మూసుకున్నాయి.

ఆ జవానుకు "జాకే ఆ" అన్నవాడు ఒకడున్నాడు.

ఇప్పుడు గడప దాటేటప్పుడు ఎవరూ అడ్డు నిలవరు. నేనే ఆగుతాను. ఆ పత్రంలోని షరతులన్నీ ఈనాటికీ వరుసగా అప్పజెప్పగలను. ఆమె ఆ మాట అన్న గొంతు మాత్రం ఒక్కొక్కనాడు ఎంత వెదికినా చెవికి దొరకడం లేదు. దొరికిన నాడు, మెట్ల మీదే నిలబడి, "పోయిరా" అంటాను.